గోదావరి లోయ కంపాలు: పైన జలాశయాలు, అడుగున పాత పగులు

2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం పరిసరాల్లో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ దాకా జనం ఉలిక్కిపడ్డారు. ప్రాణనష్టం జరగలేదు. ఆ కంపం వెంట లేచిన వాదన మాత్రం చల్లారలేదు. గోదావరి లోయలో ఎక్కడ చిన్న కదలిక వచ్చినా మళ్లీ పైకి తేలుతూనే ఉంది. నదిపై వరుసగా కట్టిన బ్యారేజీల్లో నిలిపిన నీరే భూమిని కదిలిస్తోందని ఒక వర్గం అంటుంటే, అదంతా అశాస్త్రీయమని మరో వర్గం కొట్టిపారేస్తోంది.  

భారత భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెట్టడం, ఆ నెట్టుడుకు హిమాలయాలు లేవడం బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. నేటి వివాదం అర్థం కావాలంటే చూడవలసింది అంత దూరం కాదు, 1967 నుంచి 1969 వరకు గడిచిన రెండేళ్లను. అంతకుముందు దక్కన్ పీఠభూమి గట్టి రాయి అనీ, దానికి కదలిక లేదనీ నిపుణులు కూడా ధీమాగా ఉండేవారు. 1962లో దేశానికి భూకంప మండలాల పటం తయారైనప్పుడు ద్వీపకల్పంలో చాలా భాగాన్ని ‘సున్నా’ మండలంలో, అంటే భూకంప భయమే లేని చోటుగా చూపారు.

ఆ ధీమా మీద మొదటి దెబ్బ 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో పడింది. అసలు దెబ్బ అదే ఏడాది డిసెంబరు 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కోయ్నాలో పడింది. అక్కడ 103 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనుక 1962 నుంచి నీరు నిలపడం మొదలుపెట్టగానే చిన్న చిన్న కదలికలు కనిపించసాగాయి. అంతకుముందు ఆ కొండల్లో చెప్పుకోదగిన కంపాలు లేవు. ఐదేళ్లు తిరిగేసరికి 6.3 తీవ్రతతో భూమి విరుచుకుపడి సుమారు 180 మందిని బలిగొంది. ఆనకట్ట కూలలేదు గానీ దాని గోడకు అడ్డంగా పగుళ్లు పడటంతో తర్వాత దన్ను కట్టి బలపరచవలసి వచ్చింది. జలాశయం ప్రభావంతో వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే అతిపెద్దదని శాస్త్రవేత్తలు లెక్కిస్తారు. దశాబ్దాలు గడిచినా అక్కడ కంపాలు ఆగలేదు. ఆ రహస్యం తేల్చడానికి కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ ఆ ప్రాంతంలో 3 కిలోమీటర్ల లోతు దాకా బోరు వేయించింది. పాత అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాతి పొరలు అక్కడ సుమారు 1,250 మీటర్ల మందాన ఉన్నాయనీ, వాటి కింద ఆదిమ గ్రానైటు ఉందనీ ఆ తవ్వకంలో తేలింది.

కోయ్నా ఏం నేర్పిందన్న చోటే నేటి రెండు వర్గాలూ విడిపోతున్నాయి. నీటి బరువు వల్ల నేల కుంగి కంపించిందన్నది జనంలో స్థిరపడిన అర్థం. జలాశయాల అడుగున శాస్త్రవేత్తలు గమనించింది మరొకటి. నీరు పగుళ్ల వెంట నెమ్మదిగా కిందికి ఇంకి, రాతి రంధ్రాల్లో ఒత్తిడిని పెంచి, రెండు రాతిముక్కల మధ్య ఉన్న పట్టును సడలిస్తుంది. అప్పటికే ఆ రాయి విరిగే దశకు చేరి ఉంటేనే ఆ సడలింపు కంపానికి దారితీస్తుంది. వింటినారిని భూఫలకమే ఎక్కుపెట్టింది. నీరు దాన్ని వదిలించిన వేలు మాత్రమే. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)కు తర్వాత డైరెక్టరుగా పనిచేసిన హర్ష్ గుప్తా ఇలాంటి కంపాలను జలాశయాలు పుట్టించినవిగా కాక రేపినవిగా చెప్పాలని పట్టుబట్టింది ఈ తేడా కోసమే.

ఈ కథ గోదావరికి చేరింది 1969 ఏప్రిల్ 13న. ఆ రోజు భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో వచ్చిన కంపం ఈ లోయలో ఇప్పటిదాకా నమోదైనవాటిలో పెద్దది. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయం అప్పటికి కొత్తది. కోయ్నా జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. జలాశయాలు రేపిన కంపాలంటూ పరిశోధకులు తయారుచేసిన ప్రపంచ జాబితాల్లో కిన్నెరసాని పేరు కూడా చేరింది. కనుక ఇవాళ బ్యారేజీలను శంకించేవారిది గాలిమాట కాదు. వారి అనుమానానికి అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది.

అయితే ఆ జాబితా చెప్పని సంగతి ఒకటుంది. కిన్నెరసాని ఉన్నది మామూలు నేల మీద కాదు. పశ్చిమాన ధార్వార్, తూర్పున బస్తర్ అనే రెండు ఆదిమ శిలాఖండాలు కలిసిన అతుకు వెంట ప్రాణహిత, గోదావరి లోయ పరచుకుని ఉంది. గోండ్వానా మహాఖండంగా అన్నీ కలిసి ఉన్న కాలంలో, సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి నుంచి, ఈ అతుకు సాగి విచ్చుకుంది. భ్రంశాల (రాళ్లు జరిగే లోతైన పగుళ్ల) వెంట మధ్యనున్న నేల కిందికి జారి పొడవాటి తొట్టిలా మారింది. అందులో ఇసుక, బురద, అడవుల శిథిలాలు కోట్ల ఏళ్లపాటు పేరుకున్నాయి. ఆ అడవులే నేటి సింగరేణి బొగ్గు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఆ తొట్టి పొరల్లో దొరికిందే. కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకున్నాక గోదావరి ఆగ్నేయానికి తిరిగి ఈ పల్లం వెంటే సాగుతుంది. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు వేస్తే వేడినీళ్లు ఉబికి రావడం కూడా ఈ పగులు లోతుకు ఒక గుర్తు. పూర్వం సాగి విచ్చుకున్న ఈ అతుకును ఇప్పుడు ఉత్తరాన ఆసియాను ఢీకొంటున్న ఫలకం ఒత్తిడి నొక్కుతోంది. చీర పాతబడితే ముందు చిరిగేది కుట్టు దగ్గరే కదా.

పటాలు ఈ నిజాన్ని ఆలస్యంగా ఒప్పుకున్నాయి. కోయ్నా తర్వాత 1970లో ‘సున్నా’ మండలాన్ని తీసేశారు. అయినా అతి తక్కువ ప్రమాదమున్న 1వ జోన్ మిగిలింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం ఆదమరచి నిద్రిస్తున్న వేళ, సరిగ్గా ఆ జోన్‌లో ఉన్న లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో కంపం వచ్చి దాదాపు 10 వేల మంది చనిపోయారు. బండరాళ్లను మట్టితో పేర్చిన గోడలే అక్కడ ఎక్కువ మందిని చంపాయి. దగ్గరలోని దిగువ తేర్ణా జలాశయాన్ని అప్పుడూ కొందరు వేలెత్తి చూపారు గానీ శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం రాలేదు. 2002లో 1వ జోన్ కూడా పటం నుంచి పోయింది. ఆ 2002 పటంలో భద్రాచలం ప్రాంతం 3వ జోన్‌లో, హైదరాబాద్ 2వ జోన్‌లో ఉన్నాయి.

ఈ వెలుగులో ములుగు కంపాన్ని చూడాలి. జాతీయ భూకంప అధ్యయన కేంద్రం లెక్క ప్రకారం దాని నాభి సుమారు 40 కిలోమీటర్ల లోతున ఉంది. జలాశయాలు రేపినవిగా పేరుపడ్డ కంపాలు సాధారణంగా అంత లోతున పుట్టవు. కోయ్నా కదలికల్లో అత్యధికం మొదటి పది కిలోమీటర్లలోపువే. పైగా 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీలో ఆ సమయానికి నీరే నిలపడం లేదు. ములుగు జిల్లాలోనే తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉన్న మాట నిజమే. దాని నిల్వ సుమారు 7 టీఎంసీలు, కోయ్నా జలాశయం సుమారు 100 టీఎంసీలు. ఈ మూడింటినీ కలిపి చూస్తే 2024 కంపానికి బ్యారేజీలను బాధ్యులను చేయడం కష్టం.

దీంతో ఆనకట్టల పక్షం గెలిచినట్టు మాత్రం కాదు. ఆ పక్షం ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే: కంపానికి మేము కారణం కాదు. కంపం వస్తే కట్టడం తట్టుకుంటుందా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. సిద్దిపేట జిల్లాలోని 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయాన్ని ఆ స్థలానికి ప్రత్యేకించిన భూకంప అధ్యయనం లేకుండానే నిర్మించారని, 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ) నివేదిక తప్పుపట్టింది. ఆ జలాశయం గోదావరి పగులు లోయలో లేదు. దక్కన్ గ్రానైటు మీద, 1962 పటం భయం లేదని చూపినటువంటి నేల మీదే ఉంది.