‘నేను’ అని ఉంటే సరిపోతుందా? దృష్టికోణంపై అపోహలు – వాస్తవాలు

పేపర్లు దిద్దడానికి కూర్చున్న ప్రతిసారీ ఈ వాక్యం తగులుతుంది: “ఇందులో ‘నేను’ అని ఉంది కాబట్టి ఇది ఉత్తమ పురుష దృష్టికోణం.” ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. రాసింది తప్పు కాదు, కానీ దృష్టికోణం గురించి అడిగిన దానికి జవాబూ కాదు. ఎవరు చూస్తున్నారు, ఎక్కడ నిలబడి చూస్తున్నారు, ఏది చెప్పకుండా దాటేస్తున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. గైడ్లు మాత్రం సర్వనామం చిట్కానే ఏళ్ల తరబడి అచ్చేస్తున్నాయి. దాన్ని నమ్మి కష్టపడి చదివిన పిల్లలు మార్కులు పోగొట్టుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: సర్వనామం చూస్తే దృష్టికోణం తెలిసిపోతుంది

ఈ అపోహ వదిలించడానికి నేను ఎంచుకునే నవల వాల్టర్ డీన్ మయర్స్ రాసిన ‘మాన్‌స్టర్’. 1999లో వచ్చింది, టీనేజ్ పాఠకుల కోసం రాసింది. న్యూయార్క్‌లోని హార్లెంలో ఒక మందుల షాపులో దోపిడీ జరిగి, యజమాని నెస్బిట్ చనిపోతాడు. ముందుగా లోపలికి వెళ్లి అంతా సవ్యంగా ఉందో లేదో చూసి సైగ చేయాల్సినవాడు 16 ఏళ్ల స్టీవ్ హార్మన్ అని ప్రాసిక్యూషన్ వాదన. తుపాకీ అతను ముట్టుకోకపోయినా, దోపిడీలో భాగం ఉందని తేలితే అక్కడి చట్టం ప్రకారం హత్య నేరమే. స్టీవ్ స్కూల్లో సినిమా తీయడం నేర్చుకుంటున్న కుర్రాడు. అందుకే తన విచారణను స్క్రీన్‌ప్లేగా రాసుకుంటాడు, మధ్యమధ్యలో డైరీ రాస్తాడు.

డైరీలో ‘నేను’ ఉంటుంది. స్క్రీన్‌ప్లేలో ‘స్టీవ్’ ఉంటుంది. క్లాసులో సగం మంది వెంటనే తేల్చేస్తారు: డైరీ అతని సొంత గోడు, స్క్రీన్‌ప్లే జరిగింది జరిగినట్టు, కెమెరా అబద్ధం చెప్పదు కదా అని. ఆ కెమెరా ఎవరి చేతిలో ఉంది? టైటిల్స్‌లో నటుడూ, దర్శకుడూ స్టీవే. ఏ సాక్షి ముఖం దగ్గరగా చూపించాలో, ఏ మాట దగ్గర సీన్ కట్ చేయాలో నిర్ణయించేది నిందితుడే. ‘అతను’ అని రాసినంత మాత్రాన చూసే కళ్లు మారవు.

రెండు చోట్ల పక్కపక్కనే పేజీలు తెరిపిస్తాను. డైరీలో ఒకచోట స్టీవ్, తను మందుల షాపులోకి పిప్పరమెంట్ల కోసం వెళ్లి బయటికి వచ్చానని, అందులో తప్పేముందని రాసుకుంటాడు. కోర్టులో బోనెక్కి, డిసెంబర్ 22న ఆ షాపులో ఉన్నావా అని అడిగితే, లేనంటాడు. డైరీలో తేదీ లేదు. అది వేరే రోజు మాట కావచ్చు కూడా. అయితే డైరీ చదివేది తనొక్కడే, బోనులో మాట వినేది జ్యూరీ, అంటే దోషా కాదా అని తేల్చే సామాన్య పౌరుల బృందం. వినేవాళ్లు మారితే చెప్పే మాట ఎలా మారుతుందో ఆ రెండు పేజీల్లో కనిపిస్తుంది. పైగా బోనెక్కే ముందు లాయర్ ఓబ్రయన్ అతనికి తర్ఫీదు ఇస్తుంది: జవాబు నచ్చితే పేపర్ కప్పు నిలబెడుతుంది, నచ్చకపోతే బోర్లిస్తుంది.

ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పేది కాదు, ఈ పాఠం అయ్యాక నా టేబుల్ దగ్గరికి వచ్చి, “స్టీవ్ ఏదో దాస్తున్నాడని రాస్తే మార్కులు కట్ చేస్తారా మేడమ్?” అని అడిగింది. పాపం, ఆ టెన్షన్ చాలామందికి ఉంటుంది. ఆధారం చూపించి ఏమైనా రాసుకోమన్నాను. మర్నాడు తెచ్చింది: “తప్పేముంది అని అతన్ని ఎవరూ అడగలేదు. తనే తనను ప్రశ్నించుకుంటున్నాడు. తప్పు లేదని నమ్మకం ఉంటే ఆ ప్రశ్న రాదు.” ఒప్పుకోవాలో లేదో వేరే సంగతి. దృష్టికోణం చదవడం అంటే ఇదీ.

ఇంకో ముక్క. దోపిడీలో పాల్గొన్న బోబో, శిక్ష తగ్గించుకునే ఒప్పందం మీద సాక్ష్యం చెబుతాడు. స్టీవ్ ఏమీ అనకుండా వెళ్లిపోయాడు కాబట్టి అంతా సరే అనుకున్నాం అంటాడు. ఒక కుర్రాడు షాపులోంచి మౌనంగా బయటికి వచ్చాడు. ప్రాసిక్యూటర్‌కి అది సైగ. డిఫెన్స్‌కి అదేమీ కాదు. ఈ సీన్‌ను జ్యూరీలో కూర్చున్న ఒకరి కళ్లతో తిరగరాయమంటాను. కంటికి కనిపించింది ఒక రంగులో, ఊహించుకున్నది ఇంకో రంగులో గీయమంటాను. ఊహ రంగే ఎంత ఎక్కువుందో చూసి పిల్లలు ఉలిక్కిపడతారు.

అపోహ: తీర్పు వచ్చింది కాబట్టి నిజం తెలిసిపోయింది

తెలియదు. స్టీవ్ నిర్దోషిగా బయటపడతాడు. ఆనందంతో లాయర్‌ను కౌగిలించుకోబోతే ఆమె ముఖం తిప్పుకుంటుంది. సహేతుకమైన సందేహం మిగిలిందని జ్యూరీ అన్నది, అంతవరకే. ఆమె ఏం చూసి ముఖం తిప్పుకుందన్నది స్టీవ్‌కీ తెలియదు. “అతను చేశాడా లేదా చెప్పండి మేడమ్” అని ఏటా అడుగుతారు. నేను చెప్పను.

అపోహ: ఎక్కువ మంది సాక్షులుంటే కథ నిష్పాక్షికం

ఎవరి లెక్కలు వాళ్లకుంటాయి. బోబోకి ఉన్నట్టే.

అపోహ: ఈ పాఠానికి లా తెలిసి ఉండాలి

కొత్త టీచర్లు దీనికే భయపడతారు. అవసరం లేదు. ఎవరు ఎవర్ని ప్రశ్నిస్తారు, రుజువు చేసే భారం ఎవరిది, ఈ రెండూ చెబితే క్లాసు నడిచిపోతుంది.

అపోహ: నిందితుడి కళ్లతో చదివితే పిల్లలు నేరాన్ని వెనకేసుకొస్తారు

తల్లిదండ్రుల ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ నా క్లాసులో స్టీవ్‌ను అందరికంటే గట్టిగా నిలదీసేది, అతని మీద జాలిపడిన పిల్లలే. వాళ్లు అతని ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదువుతారు. అనుమానం ఉంటే ఓసారి క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుని వినండి.