జానెడు తాబేలు, బారెడు తాబేలు: కెమెరా ట్రాకింగ్‌లో స్కేల్ మీద అపోహలు

విజయనగరంలో కూర్చుని, మామూలు వీడియోల్లోకి యానిమేషన్ బొమ్మల్ని దించే పని చేస్తుంటాను. బొమ్మ నేల మీద కుదురుగా నిలవాలంటే ముందు కెమెరా ట్రాకింగ్ చేయాలి, అంటే వీడియోను బట్టి కెమెరా ఎలా కదిలిందో సాఫ్ట్‌వేర్ చేత లెక్క కట్టించాలి. ఆ లెక్కలోని సైజులూ దూరాలూ అసలు కొలతలతో సరిపోవడమే స్కేల్. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాళ్ళు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి స్కేల్ దగ్గరే చిక్కుకుంటున్నారు. వాళ్ళ నోట నేను ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: సాల్వ్ ఎర్రర్ తక్కువ వస్తే స్కేల్ కూడా సరిగ్గా వచ్చినట్టే.

కెమెరా కదలికను లెక్క కట్టడమే సాల్వ్, ఆ లెక్కలో మిగిలే తేడా సాల్వ్ ఎర్రర్. దానికీ స్కేల్‌కీ సంబంధం లేదు. మన గంటస్తంభం ముందు నడుస్తూ వీడియో తీశారనుకోండి. అదే గంటస్తంభాన్ని అచ్చు గుద్దినట్టు మూరెడు బొమ్మగా చేసి, కెమెరా నడకనూ అదే లెక్కన తగ్గించి తీస్తే ఫ్రేములో ప్రతి చుక్కా అదే చోట పడుతుంది. అది మూరెడా, నిలువెత్తా అన్నది ఒక్క కెమెరా వీడియోలో ఎక్కడా ఉండదు. మేం వాడే 3డి సాఫ్ట్‌వేర్ బ్లెండర్ చూపించే ఎర్రర్ పిక్సెళ్ళ లెక్క. 0.3 వచ్చిందంటే మార్కర్లు (వీడియోలో మనం వెంబడించే గుర్తులు) బాగా కుదిరాయని అర్థం, అంతే. మీటర్ల సంగతి మనమే చెప్పాలి: మధ్య దూరం తెలిసిన రెండు మార్కర్లు ఎంచుకుని, ఆ దూరం ఇచ్చి 'సెట్ స్కేల్' నొక్కాలి.

అపోహ: కొలిచే టేపు ఎందుకు, కంటితో చూసి సరిపెట్టుకోవచ్చు.

నేనూ అలాగే అనుకున్నాను. కళింగపట్నం బీచ్‌లో మూడు షాట్లు తీశాం. ఇసుక మీద ఒక యానిమేషన్ తాబేలు నడవాలి. టేపు బ్యాగులోనే ఉంది, బయటికి తీయలేదు. ఏ షాట్‌కి ఆ షాట్ విడిగా సాల్వ్ చేస్తే దేని స్కేల్ దానిదే. విడివిడిగా చూస్తే మూడింట్లోనూ తాబేలు బాగానే ఉంది. వరసగా అతికించి చూపిస్తే, పని ఇచ్చినాయన ఒకటే మాట: "తాబేలేటి బాబూ, ఆటో అంతుంది?"

వెనక కనిపించే పడవను కొలుద్దామని మర్నాడు వెళ్తే, అది కాస్తా వేటకెళ్ళిపోయింది. రెండు షాట్లలో ఒక సిమెంటు బల్ల కనపడుతోంది కాబట్టి బతికాం. మూడోదాంట్లో అదీ లేదు. ఇసుకలో నా చెప్పు ముద్ర ఒకటి స్పష్టంగా పడింది. చెప్పు కొలిస్తే 28 సెంటీమీటర్లు. అంత చిన్న కొలతలో మార్కర్ కాస్త పక్కకు పడ్డా మొత్తం సీను తేడా కొడుతుంది. గతిలేక వాడాను.

ఇప్పుడు సరుగుడు కర్ర ఒకటి బండిలోనే ఉంటుంది. దానికి సరిగ్గా 2 మీటర్ల దూరంలో రెండు ఎర్ర టేపు చుట్లు. బొమ్మ నడిచే చోటే కర్ర పడేసి కొన్ని సెకన్లు తీసి, షాట్ ఆపకుండా కర్ర తీసేయిస్తాను. రైల్వే గేటు దగ్గర తీస్తే అదీ అక్కర్లేదు, బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు.

అపోహ: పాదాలు జారుతున్నాయంటే స్కేల్ తప్పింది.

ఎక్కువసార్లు కాదు. ముందు బొమ్మ పాదం దగ్గర ఒక డబ్బాను కదలకుండా పెట్టి ప్లే చేయండి. డబ్బా నేలకు అతుక్కుని ఉంటే ట్రాకింగ్ బాగున్నట్టే. అప్పుడు తప్పు నడకది: యానిమేషన్‌లో అడుగు పొడవుకీ బొమ్మ ముందుకెళ్ళే వేగానికీ పొత్తు కుదరలేదు. డబ్బా కూడా తేలుతుంటే నేలను ఎక్కువో తక్కువో ఎత్తులో పెట్టారు, లేదా వాలుగా పెట్టారు. నేల మీది మూడు మార్కర్లతో ఫ్లోర్ మళ్ళీ సెట్ చేయండి.

అపోహ: స్కేల్ తప్పితే బొమ్మను పెంచో తగ్గించో సర్దేస్తే సరి.

కంటికి సరిపోతుంది, ఫిజిక్స్‌కి సరిపోదు. మీటరు ఎత్తు నుంచి పడే కొబ్బరికాయ 0.45 సెకన్లలో నేలను తాకుతుంది. సీను పదిరెట్లు పెద్దదైతే అదే కాయకు 1.43 సెకన్లు పట్టి, స్లోమోషన్‌లో పడుతున్నట్టుంటుంది. బట్ట, ఇసుక, నీళ్ళు అన్నిటిదీ ఇదే గొడవ. బొమ్మను దాని అసలు సైజులోనే ఉంచి, కెమెరానూ ట్రాక్ పాయింట్లనూ కలిపి ఒకే ఎంప్టీ (వీడియోలో కనపడని ఉత్త పట్టు లాంటి వస్తువు) కింద పెట్టి, ఆ ఎంప్టీని స్కేల్ చేయండి. పాయింట్లను మాత్రమే పెంచారా, కష్టపడి చేసిన ట్రాక్ గంగలో కలిసినట్టే. మాయా అనే మరో 3డి సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన బొమ్మ వందరెట్లు తేడాగా కనపడితే మాత్రం కంగారు వద్దు: అక్కడ మామూలుగా సెంటీమీటర్లు, బ్లెండర్‌లో మీటర్లు.

అపోహ: ట్రైపాడ్ మీద కెమెరా తిప్పిన షాట్‌కీ ఇలాగే.

అలాంటి షాట్‌లో కెమెరా చోటు మారదు కాబట్టి లోతే దొరకదు, లోతు లేనిచోట స్కేల్ మాట రాదు. కెమెరా ఎత్తు కొలిచి రాసుకుని, నేలను చేత్తోనే కుదుర్చుకోవాలి.