సైన్స్ లెక్చరర్ టీచర్ అయ్యేది ఎక్కడ?

హైస్కూల్లో సైన్స్ చెప్పాలంటే బీఈడీ ఉండాలి. డిగ్రీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో చెప్పాలంటే ఎమ్మెస్సీతోపాటు నెట్, సెట్ అనే అర్హత పరీక్షలు లేదా పీహెచ్‌డీ చూస్తారు. పాఠం చెప్పడం నేర్చుకున్నారా అని మాత్రం అడగరు. గుంటూరు, విజయవాడల్లో ఉద్యోగంలో చేరే సైన్స్ అధ్యాపకులు చాలాకాలం తమను కెమిస్టులుగానో ఫిజిసిస్టులుగానో చూసుకుంటారే తప్ప టీచర్లమనుకోరు. తప్పు వాళ్లది కాదు.

ఈ ప్రాంతంలో కాలేజీ చదువు పాతదే. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. అప్పట్లో లెక్చరర్ అంటే పాఠం చెప్పే మనిషే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరు దగ్గర పెట్టిన పీజీ కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. పరిశోధన ఇంటి ముంగిటికొచ్చింది. అది మంచిదే. దాంతోపాటు గౌరవం కూడా పాఠం నుంచి పరిశోధన పేపర్ల వైపు జరిగింది.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత అధ్యాపకులకు శిక్షణనిచ్చే అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లినవాళ్లలో చాలామందికి ప్రమోషన్‌కు కావలసిన సర్టిఫికెట్టే ముఖ్యమైంది. యూజీసీ నెట్ రాసేవాళ్లకు బోధనా సామర్థ్యంపై ప్రశ్నలుంటాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌లో అలాంటి పేపరే లేదు. 2010లో అధ్యాపకుల పనికి మార్కులు వేసే ఏపీఐ స్కోర్లు వచ్చాయి. బోధనకూ మార్కులిచ్చారు గానీ, అందులో ప్రధానంగా చూసింది గంటల లెక్క. ఎంత బాగా చెప్పారన్నది కాదు.

మన దగ్గర ఇంకో మలుపుంది. ఎమ్మెస్సీ అయ్యాక చాలామంది ముందు కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో చేరతారు. అక్కడ సిలబస్ పరుగెత్తించడమే పాఠం. యూనివర్సిటీకి వచ్చాక ఆ వేగం పనికిరాదు.

అసలు మార్పు ల్యాబ్‌లో వస్తుంది. ద్రావణం గాఢత కనుక్కునే టైట్రేషన్‌లో, కొలత గీతలున్న గాజు గొట్టం బ్యూరెట్ రీడింగ్ మళ్లీ మళ్లీ తేడా వస్తుంటే, కొత్త లెక్చరర్ "సరిగ్గా చూడు" అని వెళ్లిపోతాడు. నాలుగేళ్లు చెప్పినాయన పిల్లవాడి పక్కన వంగి, వాడి కన్ను ఎక్కడుందో చూస్తాడు. పైనుంచి చూస్తున్నాడు, అందుకే తేడా. కన్ను ద్రవమట్టానికి సమానంగా రావాలని అప్పుడు చెబుతాడు. ఇంకొకరి కంటితో చూడటం వచ్చాకే "నేను టీచర్ని" అనే మాట నోటికొస్తుంది.

ఇది ఒంటరిగా నేర్చుకోవాల్సిన పని కాకూడదు. సీనియర్ ఒకరు కొత్తవారి ప్రాక్టికల్స్‌లో నెలకోసారైనా కూర్చుని, తర్వాత తీరిగ్గా మాట్లాడాలి. ఆ గంటను వర్క్‌లోడ్‌లో చూపించే అధికారం డిపార్ట్‌మెంట్లకు ఇవ్వాలి.