ఇటలీలో ఎప్పుడు తింటారు, ఎంత తింటారు: అపోహలు - వాస్తవాలు

మిలాన్‌లో ఆఫీసుల మధ్య ఉన్న ఓ రెస్టారెంట్ వంటింట్లో పనిచేస్తాను. ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసేవాళ్లు, చదువులకి ఇక్కడికి కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచూ అనే మాటలివి.

అపోహ: మధ్యాహ్నం అందరూ ఇంటికెళ్లి, నాలుగు రకాలతో తీరిగ్గా తిని కునుకు తీస్తారు.

వాస్తవం: ఒకప్పుడు చాలా ఊళ్లలో ఇంటికెళ్లి తినేవారు. ఒంటిగంటకు దుకాణాలు కట్టేసి నాలుగింటికి తెరిచే అలవాటు చిన్న ఊళ్లలో, దక్షిణాదిలో ఇప్పటికీ ఉంది. మిలాన్‌లో అదెలా కుదురుతుంది? ఇల్లు దూరం, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం, చేతిలో కంపెనీ ఇచ్చిన భోజనం కూపన్. మా దగ్గర పన్నెండున్నరకు మొదలైన హడావిడి రెండింటికల్లా సద్దుమణుగుతుంది. ముందు పాస్తా, ఆ తర్వాత మాంసమో చేపో అనే పాత వరసలో అడిగేవాళ్లు మధ్యాహ్నం పూట అరుదు. ఒక్క ప్లేటు, మంచినీళ్లు, ఎస్ప్రెసో కాఫీ, అంతే. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునేది రాత్రి ఎనిమిదింటికి. పాత వరసంతా చూడాలంటే ఆదివారం ఎవరింటికైనా వెళ్లాలి.

అపోహ: వైన్ లేనిదే ముద్ద దిగదు.

వాస్తవం: 1970 ప్రాంతంలో తలసరి వాడకం ఏడాదికి 100 లీటర్లు దాటేది. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. పొలంలో ఒళ్లు వంచేవాడికి అది తిండిలో భాగం. కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి నిద్రమందు. సాయంత్రం ఆపెరితీవో (భోజనానికి ముందు తాగే పానీయం) గ్లాసు, దాంతోపాటు పెట్టే చిరుతిళ్లతోనే రాత్రి భోజనం కానిచ్చేసే కుర్రకారు మాత్రం మిలాన్‌లో బాగా కనిపిస్తారు.

అపోహ: మెడిటరేనియన్ డైట్ (మధ్యధరా తీరపు తిండి) పుట్టిల్లు కదా, ఊబకాయం ఉండదు.

వాస్తవం: 1950లలో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దక్షిణాది నగరం నేపుల్స్‌లో చూసి, ఈ డైట్‌గా ప్రచారం చేసింది పేదల తిండి. చిక్కుళ్లు, ఆకుకూరలు, ఆలివ్ నూనె, ఎప్పుడో ఓసారి మాంసం. ఈ డైట్‌కి యునెస్కో గుర్తింపు 2010లో వచ్చింది. పిల్లల్లో అధిక బరువు ఎక్కువగా ఉన్న ఐరోపా దేశాల్లో మాత్రం ఇటలీ ఒకటి. ఇటలీలోనూ ముందు వరసలో ఉన్నది ఆ నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతమే!

అపోహ: అంతా బర్గర్లే పాడుచేశాయి.

వాస్తవం: 1986లో రోమ్‌లోని స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ తెరిస్తే పెద్ద గొడవైంది, కార్లో పెత్రీని అనే ఆయన నడిపిన స్లో ఫుడ్ ఉద్యమానికి (ఫాస్ట్ ఫుడ్ వద్దు, స్థానిక వంటలే ముద్దు అనేది దాని మాట) అది ఊపిరి పోసింది. బర్గర్ మీద నెపం వేయడం తేలిక. నన్నడిగితే మధ్యాహ్న భోజనాన్ని మింగేసింది డ్యూటీ వేళలు, రైలు ప్రయాణాలు. పాస్తా ఎక్కడికీ పోలేదు, తలసరి వాడకంలో ప్రపంచంలో ఇటలీదే మొదటి స్థానం.

ఇక్కడికి వచ్చేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మూడింటి నుంచి ఏడింటి దాకా మాలాంటి చోట్ల పొయ్యి ఆర్పేసే ఉంటుంది. నాలుగింటికి ఆకలేస్తే బార్‌లో (ఇక్కడ బార్ అంటే కాఫీ కొట్టు) దొరికే శాండ్‌విచ్చే గతి.