కళ్ళు తిరిగితే వేసుకునే ఆ చిన్న మాత్ర

మా పెద్దమ్మ మందుల డబ్బాలో, బీపీ బిళ్ళలకూ థైరాయిడ్ బిళ్ళలకూ మధ్య, ఎప్పుడూ ఒక స్టెమెటిల్ స్ట్రిప్ ఉండేది. ఒకసారి కళ్ళు తిరిగి పడబోయినప్పుడు డాక్టరు ఐదు రోజులకని రాసిచ్చిన మాత్ర అది. తగ్గిపోయాక కూడా ఆమె పాత చీటీ చూపించి తెప్పించుకుంటూ, ఏడాదికి పైగా రోజూ రెండు పూటలా వేసుకుంది. క్రమంగా ఒళ్ళో పెట్టుకున్న కుడి చేయి వణకసాగింది, నడిచేటప్పుడు పాదాలు నేలను రాసుకుంటున్నాయి, ముగ్గు గీత సన్నగిల్లి వంకర పోతోంది. వయసు ప్రభావమని మేమంతా సరిపెట్టుకున్నాం. నరాల డాక్టరు మాత్రం పరీక్ష పూర్తికాకముందే మందుల డబ్బా చూపించమన్నారు.

స్టెమెటిల్‌లో ఉండే మందు అసలు పేరు ప్రోక్లోర్‌పెరజీన్. ఇది ఫినోథయాజీన్ల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలోని క్లోర్‌ప్రోమజీన్‌ను 1950లో ఫ్రాన్స్‌లో పాల్ షార్పాంటియే తయారుచేయగా, 1952లో పారిస్ వైద్యులు డిలే, డెనికెర్ దానిని తీవ్రమైన మానసిక రోగులకు ఇచ్చి ఫలితం చూశారు. ప్రోక్లోర్‌పెరజీన్ ఆ దశాబ్దంలోనే వాడుకలోకి వచ్చింది. వాంతినీ, లేనిది ఉన్నట్లు తోచే భ్రాంతులనూ ఒకే మందు అణచగలగడానికి కారణం, అది మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిచేసే చోట్లను మూసివేయడమే. రక్తంలోని విషపదార్థాలను పసిగట్టి వాంతికి సంకేతమిచ్చే భాగంలో డోపమిన్‌ను అడ్డుకుంటే వికారం తగ్గుతుంది. కానీ మన కదలికలను సాఫీగా నడిపించే భాగానికి కూడా డోపమిన్ కావాలి, అది కొరవడితే వచ్చేదే పార్కిన్సన్స్ జబ్బు. ఈ గదిలోకి వెళ్ళు, ఆ గది జోలికి పోకు అని మందుకు చెప్పగలిగే ఉపాయం లేదు.

యువకుల్లో, పిల్లల్లో ప్రమాదం మరోలా, మరింత త్వరగా కనిపిస్తుంది. మందు మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే, ఒక్కోసారి మొదటి మోతాదుకే, మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోతుంది, కనుగుడ్లు పైకి నిలిచిపోతాయి, దవడ పట్టేసి నాలుక బయటికి వస్తుంది. మనిషికి స్పృహ మాత్రం పూర్తిగా ఉంటుంది. చూసినవాళ్ళు ఫిట్స్ అనుకుంటారు, గాలి సోకిందని భయపడేవాళ్ళూ ఉన్నారు. ఆ మాత్ర వేసుకున్న సంగతి చెబితే, ఆసుపత్రిలో ప్రోమెథజీన్ వంటి ఇంజెక్షన్‌తో చాలామందికి కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది. ఆ ఒక్క మాట చెప్పకపోతే ఎంత భయం, ఎన్ని అనవసర పరీక్షలు! మరికొందరికి కాళ్ళు ఒకచోట నిలవవు, కూర్చోలేరు, పడుకోలేరు. దాన్ని ఆందోళనగా పొరబడి మోతాదు పెంచడం చాలా హాని చేస్తుంది. వాంతులకు సాధారణంగా 5 మిల్లీగ్రాముల మాత్రలే సరిపోతాయి, మానసిక వ్యాధికి దానికి ఎన్నో రెట్లు అవసరం కావచ్చు. అందుకే ఒకరి చీటీ మరొకరికి పనికిరాదు.

కళ్ళు తిరగడం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు మెదడు కొన్ని వారాల్లో తనంతట తానే సమతూకం నేర్చుకుంటుంది, కానీ ఈ మాత్రను రోజుల తరబడి వాడితే ఆ నేర్పు ఆలస్యమవుతుంది. పడక మీద పక్కకు ఒరిగినప్పుడు మాత్రమే గిర్రున తిరిగే రకానికైతే, తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పే చికిత్సే సరైనది.

పార్కిన్సన్స్ ఉన్నవారు ఈ మందుకు దూరంగా ఉండాలి. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులకు ఇటువంటి మందులు ప్రాణాపాయాన్ని పెంచుతాయి. మద్యం తాగినా, నిద్రమాత్రలు కలిసినా మగత ముదురుతుంది, కనుక బండి నడపకూడదు. పెద్దవాళ్ళకు మంచం మీద నుంచి లేస్తూనే బీపీ పడిపోయి, ఏ కళ్ళు తిరగడం కోసం వేసుకున్నారో అదే మళ్ళీ రావచ్చు. తీవ్ర జ్వరం, కర్రలా బిగుసుకున్న ఒళ్ళు, తికమక మాటలు ఒకేసారి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అయితే మానసిక వ్యాధికి దీన్ని వాడుతున్నవారు ఇదంతా చదివి భయపడి హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోవాలి.

ఆ మాత్ర మానేశాక పెద్దమ్మ చేతి వణుకు పూర్తిగా తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. ఆమె డబ్బా మూతకు లోపల ఇప్పుడొక కాగితం అంటించి ఉంది. ప్రతి మందు పేరు పక్కన అది ఎందుకో, ఏ తేదీ వరకో మా అన్నయ్య పెద్ద అక్షరాలతో రాశాడు.