పందిరి మీద వాలిన ఈగ ఏ ప్రజాతి?

కాకర, బీర పందిళ్ల మీద గోధుమరంగు ఈగ ఒకటి వాలుతుంది. ఇంటి ఈగ అంత ఉంటుంది, నడుము సన్నం, పొట్ట కొస సూదిగా ఉంటుంది. చూడగానే కందిరీగ అనిపిస్తుంది. కానీ కందిరీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట చిన్న బుడిపెలుంటాయి, ఎగిరేటప్పుడు అదుపు తప్పకుండా అవే చూసుకుంటాయి. ఆ సూది కూడా కుట్టేది కాదు. ఆడ ఈగ దాన్ని కాయ తొక్కలోకి దించి గుడ్లు పెడుతుంది.

ఇది పండు ఈగ. మాగిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న డ్రోసోఫిలాను కూడా కొందరు అదే పేరుతో పిలుస్తారు, కానీ దాని కుటుంబం వేరు. ఫొటోలో ఈ తేడా పట్టాలంటే రెక్క మీద జూమ్ చేయాలి. పండు ఈగ రెక్క ముందు అంచు పక్కన సన్నటి ఈనె ఒకటి సాగుతుంది. అది ఒకచోట ఉన్నట్టుండి అంచు వైపు దాదాపు లంబకోణంలో తిరిగి మాసిపోతుంది. ఈ మలుపు కనిపిస్తే కుటుంబం దాదాపు తేలినట్టే.

ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దగ్గరే అసలు చిక్కు. మన తోటల్లో ముఖ్యంగా మూడున్నాయి: బాక్ట్రోసెరా, జ్యూగోడాకస్, డాకస్. అందరూ ముందు రంగు చూస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సింది రంగునే. మామిడిని పాడుచేసే బాక్ట్రోసెరా డోర్సాలిస్ వీపు ఒక ఈగలో నల్లగా, ఇంకో ఈగలో ఎర్రగోధుమగా ఉంటుంది. పొట్టను చూడటం మేలు. బాక్ట్రోసెరా, జ్యూగోడాకస్‌లలో పొట్ట పైపలకలు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉండి విడివిడిగా కదులుతాయి. డాకస్‌లో అవన్నీ అతుక్కుని ఒకే గట్టి డొప్ప అయిపోతాయి. పైనుంచి తీసిన ఫొటోలో ఇది తెలియదు. పక్కనుంచి, ఏటవాలు వెలుగులో తీస్తే పలకల అంచులు కనిపిస్తాయి.

మిగిలిన రెండింటినీ విడదీయడం ఇంకా కష్టం. జ్యూగోడాకస్‌ను చాలాకాలం బాక్ట్రోసెరాలో ఉపప్రజాతిగానే లెక్కించారు. డీఎన్ఏ ఆధారాలతో 2015లో దాన్ని వేరే ప్రజాతిగా నిలబెట్టారు. శరీరంలో ఆనవాలు మగ ఈగ పొట్ట అడుగున ఉంటుంది: ఐదో కిందిపలక వెనక అంచు బాక్ట్రోసెరాలో లోతుగా నొక్కుకుపోయి ఉంటే, జ్యూగోడాకస్‌లో ఆ నొక్కు పైపైనే. పందిరి మీద వాలిన ఈగ అడుగుభాగం ఎవరి ఫోన్‌కు దొరుకుతుంది? అందుకే మన ప్రాంతంలో వీపు చారల మీద ఆధారపడతాం. కాకర, బీర మీది జ్యూగోడాకస్ కుకుర్బిటేకు రెండు పక్కల పసుపు చారలతో పాటు నడుమ మూడోది ఉంటుంది, రెక్కలో ఒక అడ్డ ఈనె మీద మసక పట్టీ ఉంటుంది. డోర్సాలిస్‌కు పక్క చారలు రెండే. డాకస్ సిలియేటస్‌కు అవీ ఉండవు. ఈ గుర్తులు మనకు తెలిసిన జాతులకు పనికొస్తాయి గానీ, ప్రజాతి మొత్తానికి లక్షణాలు కావు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎర బుట్టలో ఏ మందు పెట్టాలో దీన్నిబట్టే ఉంటుంది. కొల్లాపూర్ మామిడి తోటలో కట్టే మిథైల్ యూజినాల్ అనే ఎర మందుకు డోర్సాలిస్ మగ ఈగలు వస్తాయి. అదే బుట్టను నల్లగొండలో కాకర పందిరికి కడితే కుకుర్బిటే రాదు, దానికి క్యూ లూర్ అనే మరో ఎర మందు కావాలి. డాకస్ సిలియేటస్ ఈ రెండింటికీ రాదు. అప్పుడు బుట్ట ఖాళీగా ఉందంటే తోటలో ఈగ లేదని కాదు.

ఈగ ఏ మొక్క మీద దొరికిందో దాన్నిబట్టి పేరు పెట్టడం కూడా ప్రమాదమే. కుకుర్బిటే ఎదిగిన ఈగలు పక్క చేనులో మక్క మొక్కల మీద సేదదీరుతుంటాయి, అంతమాత్రాన అవి మక్క పురుగులు కావు. అనుమానం ఉంటే పుచ్చిన కాయను ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, పైన పలుచటి గుడ్డ కట్టండి. పురుగులు ఇసుకలోకి దిగి కోశాలు కడతాయి, కొన్నాళ్లకు ఈగలు వస్తాయి. వచ్చిన రోజే ఫొటో తీయొద్దు. అప్పటికి ఒళ్లు పాలిపోయి, చారలు తేలకుండా ఉంటాయి. ఒకటి రెండు రోజులు నీళ్లు, చక్కెర పెట్టి ఉంచి, రంగు తేరాక వీపు, పక్క, రెక్క విడివిడిగా తీయండి. మగ ఈగ దొరికితే డబ్బాను గాజు పలక మీద బోర్లించి అడుగునుంచి కూడా ఒకటి తీయండి.