చిన్న టూరిస్టు ఊళ్ళలో పార్కింగు, బస్సులు, వీధి పనులు: అపోహలు - వాస్తవాలు

సీజన్‌లో సొంత జనాభాకి ఎన్నో రెట్లు మనుషులు దిగే చిన్న ఊళ్ళలో ట్రాఫిక్, పార్కింగ్, వీధుల పనులు చూడటం నా ఉద్యోగం. ఊరు ఏదైనా సీన్ ఒకటే అండి, ఒక మెయిన్ రోడ్డు, అటూ ఇటూ షాపులు, చివర్లో అందరూ చూడ్డానికొచ్చే చోటు, మధ్యలో హారన్లు. మీటింగ్ పెడితే మొదటి పావుగంటలో వినపడే మాటలు కూడా అవే. వాటిలో కొన్ని నేనూ ఒకప్పుడు నమ్మినవే, కాబట్టి వెటకారం ఏం లేదు.

అపోహ: పార్కింగ్ చాలట్లేదు, ఇంకో పెద్ద లాట్ కడితే సరిపోద్ది.

వాస్తవం: నిజంగానే చాలకపోవచ్చు, కానీ ఒక్కో కారు ఎంతసేపు ఉంటోందో లెక్కేశాక ఆ మాట అనాలి. మేం చేసేది చాలా చవక పని. ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను, పొద్దున షాపులు తెరవకముందే మొదలుపెట్టి ప్రతి అరగంటకి వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడవడం, ఒక్కో స్లాట్‌కి ఎదురుగా నంబర్ ప్లేట్ చివరి నాలుగు అంకెలు రాసుకోవడం, అంతే. ఒక ఊళ్ళో ఇలా తిరుగుతుంటే మంచి సెంటర్‌లో ఒక తెల్ల కారు, డ్యాష్‌బోర్డు మీద ఎండకి పసుపెక్కిన పేపరు. నా కాగితంలో ఎనిమిదిన్నర దగ్గర దాని అంకెలే, పదకొండు దగ్గర అవే, మూడు దగ్గరా అవే. మూడున్నరకి ఎదురు షాపు ఓనర్ బయటికొచ్చి ఆ కారు అద్దం మీద రాలిన ఆకులు దులుపుతూ నన్ను చూసి, "ఏంటి సార్, పార్కింగ్ ఎప్పుడు కడతారు, మా కస్టమర్లకి చోటే ఉండట్లేదు" అన్నాడు. నేనేం అనలేదు, నాలుగు గంటల రౌండు మొదలుపెట్టా.

ఆయనొక్కడే కాదు, ఆ వీధిలో ముందు వరస స్లాట్లు చాలా వరకు అక్కడ పనిచేసేవాళ్ళవే, పొద్దున ముందొచ్చేది వాళ్ళే కదా. ఇప్పుడు లెక్క చూడండి. 100 స్లాట్లు, రోజుకి 10 గంటలు. కారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకపోతే 100 కార్లే పడతాయి, ఒక్కోటి రెండు గంటల్లో వెళ్ళిపోతే 500 పడతాయి. ఆ మిగతా 400 కార్లకి విడిగా లాట్ కట్టాలంటే, కారు తిరగడానికి దారితో కలిపి ఒక్కోదానికి 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి, అంటే తక్కువలో తక్కువ రెండున్నర ఎకరాలు, అదీ ఊరి నడిబొడ్డున. అంత జాగా ఉన్న చిన్న ఊరు నేనైతే చూళ్ళేదు, ఉన్నా అక్కడ చూడాల్సినదాన్నే పడగొట్టాల్సి వస్తుంది.

అపోహ: పార్కింగ్‌కి డబ్బులు పెడితే టూరిస్టులు రావడం మానేస్తారు.

వాస్తవం: గంటల తరబడి డ్రైవ్ చేసుకుని వచ్చినవాడు పార్కింగ్ టికెట్ చూసి వెనక్కి తిరిగి పోడు. వాడికి నిజంగా విసుగు పుట్టేది అరగంట గిరగిరా తిరిగినా చోటు దొరకనప్పుడు. కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ జీవితమంతా ఈ ఒక్క సంగతే తవ్వాడు. వెస్ట్‌వుడ్ విలేజ్ అనే 15 బ్లాకుల (బ్లాక్ అంటే రెండు అడ్డరోడ్ల మధ్య ముక్క) చిన్న ఏరియాలో చోటు వెతకడానికి ఒక్కో డ్రైవర్‌కి పట్టేది సగటున 3.3 నిమిషాలే అని తేలింది, ఏముందిలే అనిపిస్తుంది, కానీ అందరివీ కలిపితే ఏడాదికి 9,50,000 మైళ్ళు, దాదాపు 15 లక్షల కిలోమీటర్లు, ఊరికే తిరుగుడు. అంటే జామ్‌లో మనం చూసే కార్లలో కొన్ని ఎక్కడికీ వెళ్ళట్లేదు, అక్కడక్కడే తిరుగుతున్నాయి అంతే. ఆయన చెప్పిన రూలు మేం ఇప్పటికీ వాడతాం, స్లాట్లు 85 శాతం దాకా నిండేలా రేటు పెట్టండి, ప్రతి బ్లాక్‌లో ఒకటో రెండో ఖాళీగా కనపడాలి. ఖాళీగా ఉన్నాయి కదా రేటు పెంచండి అనే కౌన్సిల్ మెంబర్లు కూడా ఉంటారు, వాళ్ళకి చెప్పేది ఇదే, నిండిపోతుంటే పెంచాలి, ఖాళీగా ఉంటే తగ్గించాలి. షాపుల ముందు ఎక్కువ, నడిచొచ్చే దూరంలో తక్కువ, ఊరి బయట ఫ్రీ, సీజన్ లేనప్పుడు అసలు తీసేసినా తప్పు లేదు.

ఇంకోటి, వసూలైన డబ్బు ఎటు పోతోందో కనపడాలి. కాలిఫోర్నియాలోనే ఓల్డ్ పాసడీనా అనే షాపింగ్ ఏరియాలో 1993లో పార్కింగ్ మీటర్లు పెట్టేటప్పుడు వ్యాపారులు గట్టిగా అడ్డుపడ్డారు, వచ్చేదంతా మీ వీధికే ఖర్చు పెడతాం అన్నాక ఒప్పుకున్నారు. ఆ డబ్బుతోనే ఫుట్‌పాత్‌లు, దీపాలు, వెనక సందులు బాగుపడ్డాయి. అదే డబ్బు జనరల్ ఖాతాలో కలిసిపోతే జనం దాన్ని దోపిడీ అనే అంటారు, నేనైనా అదే అంటా. అలాగే పక్క సందుల్లో ఉండే ఊరివాళ్ళకి ముందే పర్మిట్లు ఇవ్వకపోతే మెయిన్ రోడ్డు ఖాళీ అయ్యి కార్లన్నీ వాళ్ళ గేట్ల ముందు తేలతాయి, ఆ తర్వాత మీ ఫోన్ ఆగదు.

అపోహ: ఊరి బయట పార్కింగ్ పెట్టి ఫ్రీ షటిల్ వేస్తే కార్లు వాటంతటవే తగ్గుతాయి.

వాస్తవం: ఇది నేను స్వయంగా తిన్న దెబ్బ. నాలుగు బస్సులు, రౌండ్ ట్రిప్ 40 నిమిషాలు, అంటే 10 నిమిషాలకో బస్సు, కాగితం మీద చక్కగా ఉంది. మొదటి రద్దీ రోజున ఆ బస్సులు కూడా కార్ల లైన్‌లోనే ఇరుక్కున్నాయి, ట్రిప్పు 60 నిమిషాలైంది, అంటే అవే నాలుగు బస్సులతో 15 నిమిషాలకొకటి. పది నిమిషాలు నిలబెట్టాలంటే ఆరు బస్సులు కావాలి, మన దగ్గర లేవు. పైగా ముందు బస్సు లేటయ్యేకొద్దీ స్టాపులో జనం పెరుగుతారు, వాళ్ళు ఎక్కేసరికి అది ఇంకా లేటు, వెనకది ఖాళీగా వచ్చి దాని తోకకి తగులుకుంటుంది. 25 నిమిషాలు ఒక్క బస్సూ రాలేదు, వస్తే రెండూ కలిసే వచ్చాయి. ఒకామె పిల్లాణ్ణి చంకనేసుకుని స్టాపులో నా మొహం మీదే "నడిచినా ఈపాటికి వెళ్ళిపోదును" అంది, పాపం నిజమే. బస్సుకి విడిగా దారి లేకుండా షటిల్ వేయడం నా తప్పు.

ఇది బాగా నడిచినచోట ఏం చేశారో చూస్తే, అమెరికాలో జయాన్ నేషనల్ పార్కు 2000లో షటిల్ మొదలుపెట్టింది. బస్సులు ఒక్కటే వేసి ఊరుకోలేదు, సీజన్‌లో లోయలోపలి రోడ్డు మీద ప్రైవేటు కార్లే ఆపేసింది. గేటు బయట ఉన్న స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో ఒక రూటు, పార్కు లోపల ఇంకోటి, ఊళ్ళో ఎక్కి గేటు దగ్గర దిగి నడుచుకుంటూ లోపలికెళ్ళి రెండోది ఎక్కడం. కారు రాని రోడ్డు మీద బస్సుకి ఎదురేముంది. స్విట్జర్లాండ్ జెర్మాట్ ఇంకా గట్టిది, పెట్రోలు డీజిల్ కార్లు ఊళ్ళోకి రానివ్వరు, ఐదు కిలోమీటర్ల ముందు టేష్‌లో కారు పెట్టి రైలెక్కాలి, 12 నిమిషాలు. మీ ఊరు అంత దూరం వెళ్ళలేకపోవచ్చు, కానీ షటిల్ కారు కంటే వేగంగానైనా ఉండాలి, చవకగానైనా ఉండాలి. రెండూ కాకపోతే మంచి ఫోటో వస్తుంది, జనం ఎక్కరు.

చిన్న చిన్నవి కూడా చెప్తా. ఊరి బయట లాట్ ఉందన్న బోర్డు, దానికి తిరిగే మలుపు కంటే చాలా ముందే ఉండాలి, దాటేశాక కనపడితే ఎవడూ యూ టర్న్ కొట్టి రాడు. ఆఖరి బస్సు టైము హోటళ్ళు మూసే టైము తర్వాత ఉండాలి, లేకపోతే వంట చేసేవాళ్ళూ గిన్నెలు కడిగేవాళ్ళూ కారులోనే వస్తారు, వాళ్ళ కారే పొద్దుటి నుంచి షాపు ముందు ఉండేది.

అపోహ: టూరిస్టు బస్సులే ఈ జామ్‌కి కారణం.

వాస్తవం: 50 మందిని తెచ్చిన బస్సు లేకపోతే వాళ్ళే ఇరవై కార్లలో దిగుతారు. తప్పు బస్సుది కాదు, అది మనుషుల్ని దించాక కూడా ఇంజిన్ ఆపకుండా అక్కడే నిలబడటం. దించేచోటు దగ్గర, నిలిపేచోటు ఊరి బయట, మధ్యలో టైము స్లాటు. ఆస్ట్రియాలో వెయ్యి మంది కూడా లేని హాల్‌స్టాట్ 2020 నుంచి బస్సులు ముందే స్లాట్ బుక్ చేసుకుంటేనే రానిస్తోంది.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తే జామ్ పోద్ది.

వాస్తవం: చిన్న ఊరి మెయిన్ రోడ్డు ఆగిపోయేది వెడల్పు తక్కువై కాదు, జంక్షన్ దగ్గర, ఇంకా ఎవరో ఒకరు స్లాట్‌లోకి రివర్స్ చేస్తుంటే వెనక పది కార్లు నిలబడటం వల్ల. వెడల్పు చేశామంటే పోయేది ఫుట్‌పాత్, అప్పుడు నడిచేవాళ్ళు రోడ్డెక్కుతారు, మళ్ళీ మొదటికే. అయినా సీజన్‌లో అతి రద్దీ రోజు చూసి దేన్నీ కట్టకూడదు. హైవే ఇంజినీర్లు కూడా ఏడాదిలో గంటలన్నిటినీ ఎక్కువ రద్దీ నుంచి తక్కువకి పేర్చి, అన్నిటికన్నా రద్దీ గంటని వదిలేసి, ఆ వరసలో 30వ గంటని పట్టుకుని డిజైన్ చేస్తారు, వాళ్ళకి తెలీకనా.

అపోహ: కార్లు తగ్గిస్తే షాపులు మూసుకోవాలి.

వాస్తవం: కస్టమర్లు ఎలా వస్తారో షాపు ఓనర్లకి అనిపించేది వేరు, జరిగేది వేరు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో షాపింగ్ వీధుల్లో అడిగితే 41 శాతం కార్లలో వస్తారని ఓనర్లు చెప్పారు, కస్టమర్లని అడిగితే 22 శాతం. వాళ్ళది అబద్ధం కాదు లెండి, కారులో వచ్చినవాడు పార్కింగ్ గురించి గొణుగుతాడు కాబట్టి గుర్తుంటాడు, నడిచొచ్చినవాడు కొనుక్కుని పోతాడు. కానీ సరుకు దించే బళ్ళకి పొద్దున టైము, వికలాంగులకి తలుపు దగ్గర స్లాటు, ఫైరింజన్‌కి దారి, ఈ మూడూ ముందు రోజే తేల్చకుండా బారికేడ్ పెడితే మాత్రం షాపులవాళ్ళ కోపం న్యాయమే.

అపోహ: వీధి బాగుచేయడం అంటే టైల్స్, లైట్లు, పూలకుండీలు.

వాస్తవం: ఇల్లు అలకగానే పండగ కాదు. భూమి లోపల నీళ్ళ పైపు, డ్రైనేజీ, కేబుళ్ళు ముందు చూసుకోకపోతే టైల్స్ వేసిన మూడో నెలకే తవ్వుతారు, మళ్ళీ ఆ రంగు టైల్ దొరకదు, సిమెంటు పూసిన అతుకు జీవితాంతం అలాగే ఉంటుంది. ఫుట్‌పాత్ మీద రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా దాటాలంటే 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి, మొత్తం వెడల్పు కాదు, ఖాళీగా. నేను చూసిన ఒక ర్యాంపు కొలతల ప్రకారం తిరుగులేకుండా కట్టారు, వాలు కరెక్టు, గీతలు కరెక్టు, ఎక్కి నిలబడితే ముక్కుకి కరెంటు స్తంభం. బిల్లు కూడా పాసైంది. నా ఓటైతే పూలకుండీలకంటే ముందు నీడ, బెంచీ, శుభ్రమైన టాయిలెట్టు, ఎందుకంటే టాయిలెట్టు లేని ఊళ్ళో కుటుంబంతో వచ్చినవాళ్ళు గంట కూడా ఉండరు, ఉన్న ఆ గంటా ఏదో ఒక హోటల్ వెతుకుతూనే ఉంటారు.

అపోహ: రెండు గంటలు మాత్రమే అని బోర్డు పెడితే చాలు.

వాస్తవం: ఆ తెల్ల కారు ఓనర్ ఉన్నాడు కదా, బోర్డు పెట్టాక రెండు గంటలకోసారి బయటికొచ్చి కారుని రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చేవాడు, కౌంటర్‌లో అలారం పెట్టుకుని మరీ. రూల్ ప్రకారం తప్పేం లేదు, మేం రాసింది స్లాట్‌కి రెండు గంటలనే. దాన్ని మొత్తం వీధికి రోజుకి రెండు గంటలని మార్చాం, పనిచేసేవాళ్ళకి ఊరి చివరి లాట్‌లో ఫ్రీ పాసులిచ్చాం, మొదటి షటిల్ షాపులు తెరిచే టైముకంటే అరగంట ముందుకి జరిపాం, బస్సుకి విడిగా లేన్ గీశాం. ఇప్పుడు ఆయన కారు చివరి లాట్‌లోనే ఉంటోంది. బస్సు నాలుగు నిమిషాలు లేటైతే ముందు ఫోన్ చేసేది కూడా ఆయనే.